సంఘర్షణ సిద్ధాంతంతో ఒక చట్టాన్ని చదవడం ఎలా: చిత్తూరు కోర్టు గుమాస్తా చెప్పే పద్ధతి

సంఘంలో అధికారం, ఆస్తి కోసం జరిగే తగువుల్లోంచే చట్టం పుడుతుందనేవాళ్లు సంఘర్షణ సిద్ధాంతకారులు. నేరం, చట్టం మీద వాళ్లు ఏమన్నారని సోషియాలజీ పేపర్లో అడిగితే పిల్లలు రాసే మొదటి వాక్యం నాకు కంఠతా వచ్చేసింది. "చట్టం పాలకవర్గం చేతిలో పనిముట్టు." ఆ తర్వాత మార్క్స్, బోంగర్, క్విన్నీ అని మూడు పేర్లు, ఒక్కో పేరు కింద నాలుగు లైన్లు. అంతటితో జవాబు అయిపోతుంది. ఆ వాక్యం తప్పని నేననను. కానీ దాన్ని మీరు వెతికి తేల్చుకోలేదు, గైడులోంచి దించారు. దిద్దేవాళ్లకు ఆ సంగతి ఇట్టే తెలుస్తుంది. రేపు మీరు ఎస్సైగానో తహసీల్దారుగానో ప్లీడరుగానో కూర్చుని ఎదురుగా ఒక ముద్దాయిని చూసినప్పుడు, దించిన వాక్యం ఎందుకూ అక్కరకు రాదు.

నేను చిత్తూరు కోర్టుల్లో ప్లీడరు గుమాస్తాగా పనిచేసి వయసు మళ్లినవాణ్ణి. ఆ ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో ఎం.ఏ. సోషియాలజీ కట్టి పాసయ్యాను. పగలు చార్జిషీట్లు, వకాల్తాలు, జామీను కాగితాలు మోసి, రాత్రి ఈ సిద్ధాంతాలు చదివేవాణ్ణి. పొద్దున చూసిన ఫైలుకీ రాత్రి చదివిన పేజీకీ లంకె దొరికినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఇప్పుడు కట్టమంచిలో మా ఇంటి వరండాలో గ్రూప్స్‌కీ నెట్‌కీ లా పరీక్షలకీ చదివే పిల్లలు సాయంత్రాలు చేరుతుంటారు. వాళ్లతో చేయించే పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను.

మొదట చట్టం, పేర్లు తర్వాత

పుస్తకం పక్కనపెట్టి ఒక చట్టాన్ని ఎంచుకోండి. ఒకే ఒక్కటి. హత్య సెక్షన్‌తో మాత్రం మొదలుపెట్టకండి. మనిషిని చంపడం తప్పని భూస్వామీ ఒప్పుకుంటాడు, కూలీ ఒప్పుకుంటాడు. అక్కడ డర్క్‌హైమ్ చెప్పిన ఉమ్మడి మనస్సాక్షికే, అంటే సంఘమంతా పంచుకునే నీతి భావనకే, ఎక్కువ బలం. మీకు కావాల్సింది, నిన్నటిదాకా అందరూ చేసుకుంటున్న పని ఫలానా తేదీ నుంచి నేరమైపోయిన చట్టం.

మా పక్కవాళ్లకు చేతికందేది అడవి చట్టం. శేషాచలం కొండల్లోంచి ఏమేం తెచ్చుకునేవాళ్లో చంద్రగిరి, భాకరాపేట, మామండూరు చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్లని అడగండి. వంటచెరుకు, చీపురుపుల్లలు, కుంకుడుకాయలు, ఉసిరికాయలు, తేనె, గొడ్లకు మేత అని వరసగా చెప్తారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఒక కొండను రిజర్వు ఫారెస్టుగా ప్రకటించాక, అనుమతి లేకుండా అందులో కట్టె కొట్టినా గొడ్లు తోలినా నేరమే. 1967లో మన రాష్ట్రానికి సొంత అటవీ చట్టం వచ్చినా ఆ ఏర్పాటు అలాగే నిలిచింది.

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని రాయండి. ఆ చట్టం ఏ ఏడాది వచ్చింది? అంతకుముందు జనం ఆ పని ఎలా చేసుకునేవాళ్లు? చట్టం ఏ పనిని నేరం చేసింది, ఎంత శిక్ష పెట్టింది? వసూలయ్యే జరిమానా ఎవరికి పోతుంది? ఈ చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. వదలొద్దు.

ఈ ప్రశ్న ఎంత దూరం తీసుకుపోతుందో 1842 నాటి మార్క్స్ వ్యాసాల్లో కనిపిస్తుంది. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు. రైన్ ప్రాంతపు సభలో కట్టెల దొంగతనం బిల్లు మీద జరిగిన చర్చను పత్రికలో వరసగా విప్పి చెప్పాడు. రాలిన ఎండుపుల్లలు ఏరుకోవడం అక్కడి పేదలకు తాతలనాటి నుంచి వస్తున్న ఆనవాయితీ. బిల్లు దాన్నీ దొంగతనంలో కలిపింది. మార్క్స్ పట్టుకున్న వివరాలు చూడండి. పేదవాణ్ణి పట్టుకునే ఫారెస్టు గార్డు అడవి యజమాని జీతగాడే. పోయిన కట్టెకు ఖరీదు కట్టేదీ ఆ గార్డే. జరిమానా యజమానికే చేరుతుంది. కట్టలేనివాడు ఆ యజమానికే చాకిరీ చేయాలి. ఈ నాలుగూ వరసగా రాస్తే చట్టం ఎవరి పక్షమో వేరే చెప్పనక్కర్లేదు. తాను ఆర్థిక విషయాల వైపు మళ్లడానికి ఈ కట్టెల వ్యవహారమూ ఒక కారణమని 1859లో ఆయనే రాసుకున్నాడు.

ఆ ఏడాదే ఎందుకు?

రెండో పని, చట్టం వచ్చిన ఏడాదికి ముందూ వెనకా ఏం జరిగిందో చూడడం. ఈ పద్ధతికి చక్కటి నమూనా విలియం చాంబ్లిస్ 1964లో రాసిన వ్యాసం. ఇంగ్లండులో పనీపాటా లేకుండా తిరిగేవాళ్ల మీద 1349లో చట్టం వచ్చింది. ఒళ్లు బాగున్న బిచ్చగాడికి భిక్ష వేయడం కూడా అందులో నేరమే. అదే ఏడాది ఎందుకు? 1348లో ప్లేగు వచ్చి జనం రాలిపోయారు. కూలీలు కరువయ్యారు, మిగిలినవాళ్లు ఎక్కువ కూలి అడిగారు, ఎక్కువ ఇచ్చే చోటికి పోవడం మొదలుపెట్టారు. భూస్వాములకు చవగ్గా, కదలకుండా ఉండే కూలీలు కావాలి. చట్టం ఆ అవసరం తీర్చిందని చాంబ్లిస్ వాదం. పదహారో శతాబ్దానికి వర్తకం పెరిగి, దారుల్లో సరుకు బళ్లకు భద్రత కావాల్సి వచ్చింది. అదే చట్టాన్ని దొంగలని అనుమానించేవాళ్ల మీదికి తిప్పారని కూడా చూపించాడు. రికార్డులు మళ్లీ తిరగేసి ఆయనతో విభేదించినవాళ్లూ ఉన్నారు. అది కూడా జవాబులో ఒక వాక్యంగా రాయండి.

మన దగ్గర ఇదే ప్రశ్నను నేరస్థ తెగల చట్టం మీద వేయండి. 1871లో బ్రిటిషువాళ్లు తెచ్చిన ఆ చట్టం 1911 నాటి సవరణ చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. చేసిన పనిని బట్టి కాకుండా పుట్టిన కులాన్ని బట్టి మనిషిని నేరస్థుణ్ణి చేసిన చట్టమది. ఎరుకలవాళ్లను తీసుకోండి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రపొడ్డు నుంచి లోపలి ఊళ్లకు తిరిగి అమ్మినవాళ్లు వాళ్లలో ఎందరో. రైలు వచ్చింది, ఉప్పు సర్కారు గుప్పిట్లోకి పోయింది, ఆ వర్తకం కూలిపోయింది. బతుకుదెరువు పోయి తిరుగుతున్న కుటుంబాలు పోలీసు కంటికి అనుమానితులయ్యాయి. వేలిముద్రలు, హాజరు పట్టీలు, కాపలా పెట్టి ఉంచే సెటిల్‌మెంట్లు వాటి వెంట వచ్చాయి. మన కోస్తాలో స్టువర్టుపురం అలా కట్టిన సెటిల్‌మెంటే, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల్లో నడిచింది. దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. దాని స్థానంలో రాష్ట్రాలు అలవాటు పడ్డ నేరస్థుల చట్టాలు పెట్టుకున్నాయి. జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను, ఈ తెగలవాళ్లను పుట్టుదొంగలుగా చూసే రాతలను సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టేసింది. రద్దయిన తేదీ దగ్గర ఆగిపోకుండా ఇంత దూరం వస్తేనే ఆ చట్టం కథ పూర్తవుతుంది.

పాత కేసు కట్టల్లో "పాత నేరస్థుడు" అన్న మాట పక్కన కులం పేరు కూడా రాసి ఉండడం నేను కళ్లారా చూశాను. అలాంటి కాగితం చూసిన రోజు అన్నం సహించేది కాదు.

ఒకే నష్టం, రెండు దారులు

నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఇది. కొంచెం నిదానంగా చదవండి.

ఒక లాడ్జిలో రూంబాయ్. ఊరూ పేరూ అక్కర్లేదు. గల్లాపెట్టెలోంచి ఆరువేలు తీశాడని యజమాని ఫిర్యాదు ఇచ్చాడు. అబ్బాయి చెప్పింది వేరు. "రెండు నెల్ల జీతం ఇయ్యలేదు సార్, అడిగితే పొమ్మన్యాడు." తీయడం తప్పే, దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ రెండు నష్టాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పనివాడు యజమానికి చేసిన నష్టం ఆరువేలు. యజమాని పనివాడికి ఎగ్గొట్టిన జీతం అంతకంటే ఎక్కువే.

ఇప్పుడు చట్టాలు తీయండి. మామూలు దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. పనివాడే యజమాని సొత్తు దొంగిలిస్తే 306 కింద ఏడేళ్ల దాకా. పాత ఐపీసీలో ఇది 381. నమ్మి పనిలో పెట్టుకున్నవాణ్ణి మోసం చేశాడని శిక్ష పెరిగింది. మరి నమ్మి పనిలో చేరినవాడికి జీతం ఎగ్గొడితే? 1948 నాటి కనీస వేతనాల చట్టంలో కనీస కూలి కంటే తక్కువ ఇచ్చినవాడికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదువందల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దాని స్థానంలోకి తెచ్చిన 2019 వేతనాల కోడ్ చూడండి. రావాల్సిన దానికంటే తక్కువ జీతమిస్తే మొదటిసారి జరిమానా మాత్రమే, యాభైవేల దాకా. ఐదేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తే అప్పుడు మూడు నెలల దాకా జైలు మాట వస్తుంది.

ఒకవైపు ఏడేళ్లు, ఇంకోవైపు మొదటి తప్పుకు జైలే లేదు. ఈ రెండు అంకెలూ మీ జవాబులో ఉంటే పది పేర్లు అక్కర్లేదు.

దారులు కూడా వేరని గమనించండి. మొదటిదానికి పోలీస్ స్టేషన్, ఎఫ్ఐఆర్, అరెస్టు, రిమాండు. రెండోదానికి స్టేషన్‌కి పోతే "లేబర్ ఆఫీసుకి పోవయ్యా" అంటారు. అక్కడ అర్జీ, విచారణ, వాయిదా. బాకీ వసూలు చేసుకునే ఏర్పాటు అక్కడుంది, దాని విలువ దానిదే. కానీ ఆ దారిలో ఎవరి చేతికీ సంకెళ్లు పడవు, ఎవరి ఫోటో పేపర్లో రాదు. ఎడ్విన్ సదర్లాండ్ 1939లో తెల్లకాలరు నేరం, అంటే హోదా ఉన్నవాళ్లు తమ వృత్తి వ్యాపారాల్లో చేసే నేరం, అన్న మాట తెచ్చింది ఈ తేడా చూపించడానికే. 1949లో ఆయన 70 పెద్ద కంపెనీల రికార్డు తీస్తే వాటికి వ్యతిరేకంగా 980 తీర్పులు, ఉత్తర్వులు తేలాయి. చాలావరకు క్రిమినల్ కోర్టు బయటే ముగిసిన వ్యవహారాలవి. సదర్లాండ్‌ను సంఘర్షణ సిద్ధాంతకారుల్లో కలిపేయకండి, ఆయన దారి వేరు. అయినా తర్వాతివాళ్లకు ఈ ఆధారం అందించింది ఆయనే.

నిజాయతీ కోసం ఇంకో మాట కూడా రాయండి. కొత్త సంహితలో ఐదువేల లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొమ్ము తిరిగిచ్చినవాడికి జైలు బదులు సమాజసేవ శిక్షగా పెట్టారు. పేదవాడి వైపు ఒక అడుగు పడింది. మీ వాదానికి ఎదురు వచ్చే సెక్షన్‌ను దాచిపెట్టి రాసిన జవాబు నాకు నచ్చదు.

వలలో పడేది ఎవరు?

చట్టం రాయడం ఒక ఎత్తు, అమలు ఇంకో ఎత్తు. దీనికి ఎర్రచందనం కంటే మంచి ఉదాహరణ మనకు దొరకదు. ఈ చెట్టు సహజంగా పెరిగేది శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ ప్రాంతాల్లోనే ఎక్కువ. గిరాకీ చైనా, జపాన్ లాంటి దేశాల్లో. 2016లో అటవీ చట్టాన్ని సవరించి ఈ కేసులకు శిక్షలు పెంచారు. తిరుపతిలో వీటికోసమే ప్రత్యేక కోర్టు కూడా ఉంది.

చెట్టు నరికేవాడి నుంచి విదేశంలో కొనేవాడి దాకా గొలుసు గీయండి. నరికే కూలీ, దుంగలు మోసే కూలీ, మేస్త్రీ, వాహనం డ్రైవరు, దారిచూపే పైలట్, గోడౌను యజమాని, రేవుదాకా చేర్చేవాడు, కొనేవాడు. ఎదురుగా చార్జిషీట్లో ఎవరెవరి పేర్లు ఏ1, ఏ2 అని పడ్డాయో రాయండి. తమిళనాడు జవ్వాది కొండల నుంచి, తిరువణ్ణామలై పక్కనుంచి వచ్చిన కూలీల పేర్లు వరసగా కనిపిస్తాయి. పైకి పోయేకొద్దీ "పరారీలో ఉన్నాడు" అన్న మాట ఎదురవుతుంది. పెద్ద స్మగ్లర్ల మీద పీడీ యాక్టు (విచారణ లేకుండా ముందే నిర్బంధించే చట్టం) పెట్టిన సందర్భాలూ ఉన్నాయి, వాటినీ లెక్కలోకి తీసుకోండి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో టాస్క్‌ఫోర్సు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. కూలీలు రాళ్లతో, గొడ్డళ్లతో తిరగబడ్డారని పోలీసులు చెప్పారు. హక్కుల సంఘాలు ఆ మాటను ఒప్పుకోలేదు. పోయినవాళ్లు గొలుసులో ఏ మెట్టువాళ్లో మీ కాగితం మీద చూసుకోండి.

ఇక్కడ ఆస్టిన్ టర్క్‌ను తీసుకురావాలి. 1969లో ఆయన అడిగింది చాలా పదునైన ప్రశ్న. అధికారంలో ఉన్నవాళ్లకూ కిందివాళ్లకూ తగువు ఎప్పుడు ఎక్కువగా ముదురుతుంది? కిందివాళ్లు గుంపుగా కలిసి ఉండి, ఎదుటివాడి ఎత్తుగడలు చదివే నేర్పు లేనప్పుడు. నేర్పుండి ఒంటరిగా పనిచేసే మోసగాడితో తగువు అరుదు. గుంపు ఉన్నా నేర్పున్న ముఠాకు తప్పించుకునే దారులు తెలుసు. ఎర్రచందనం కూలీలు కొత్త ప్రాంతంలో, భాష తెలియక, పదులమంది కలిసి కొండెక్కుతారు. టర్క్ చెప్పిన మొదటి కోవ అచ్చంగా ఇదే. పైన ఉన్నవాడు ఒంటరిగా, ఫోన్ల మీద, పేరు బయటపడకుండా పనిచేస్తాడు. ఎదిరించే శక్తి ఎంత తక్కువైతే చట్టం అంత గట్టిగా పడుతుందని కూడా టర్క్ అంటాడు. ఈ అన్వయం మీరే చేసి రాస్తే దిద్దేవాళ్లు ఆగి చదువుతారు.

రిచర్డ్ క్విన్నీని కూడా ఇక్కడే పెట్టండి. 1970 పుస్తకంలో ఆయన వరస ఇది. నేరం అనేది అధికారం ఉన్నవాళ్లు ఇచ్చే నిర్వచనం. వాళ్ల ప్రయోజనాలకు అడ్డొచ్చే పనులకే ఆ నిర్వచనం తగులుతుంది. అమలు చేసేదీ వాళ్లే. తర్వాత పత్రికల్లో, మాటల్లో "నేరస్థుడంటే ఇలా ఉంటాడు" అన్న బొమ్మ తయారవుతుంది. లుంగీ కట్టిన కూలీలను దుంగల ముందు కూర్చోబెట్టి తీసిన ఫోటోలు మీరు పేపర్లలో ఎన్ని చూసుంటారో గుర్తు చేసుకోండి. ఆ తర్వాతి పుస్తకాల్లో క్విన్నీ పూర్తిగా మార్క్సిస్టు వైపు వెళ్లాడు. అందుకే ఆయన పేరు పక్కన ఏడాది వేయకపోతే జవాబు తికమకవుతుంది.

కోర్టు హాల్లో ఒక పూట

పుస్తకంతో తేలని సంగతి ఒకటుంది, దానికి కోర్టుకే పోవాలి. మేజిస్ట్రేట్ కోర్టు హాలు అందరికీ తెరిచే ఉంటుంది. చిత్తూరైనా తిరుపతైనా పదిన్నరకల్లా చేరి వెనక బెంచీలో కూర్చోండి. ఫోన్ స్విచాఫ్ చేయండి. రికార్డింగు, ఫోటోలు వద్దు. పేర్లు రాసుకోవద్దు, మీకు వాటితో పని లేదు.

బెయిలు విషయం గమనించండి. జడ్జిగారు బెయిలు ఇవ్వడం, మనిషి బయటికి రావడం ఒకటి కావు. మధ్యలో జామీనుదారులు ఉంటారు. ఇద్దరు మనుషులు ఇంటి పన్ను రసీదో, భూమి పాసుపుస్తకమో, ఆధారో పట్టుకుని రావాలి. సొంత ఊళ్లో ఇల్లున్నవాడికి సాయంత్రానికల్లా పని జరుగుతుంది. అద్దెగదిలో ఉండే హోటలు కుర్రాడికి, పక్కరాష్ట్రం కూలీకి, ఎవరు పూచీ పడతారు? బెయిలు ఆర్డరు చేతిలో పెట్టుకుని కొడుకు కోసం కోర్టు చెట్టుకింద కూర్చున్న తల్లుల్ని నేను ఎంతోమందిని చూశాను. వాళ్ల కోసం చట్టంలో ఉన్న దారులూ తెలుసుకోండి. బెయిలబుల్ నేరంలో వారంలోగా పూచీ ఇవ్వలేనివాణ్ణి పేదవాడిగా భావించి సొంత బాండు మీద వదలాలని, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 478 చెప్తుంది. మొదటిసారి కేసులో చిక్కినవాడు, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం రిమాండులో గడిపితే విడుదలకు అర్హుడని 479 చెప్తుంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. మీద వేరే కేసులు నడుస్తున్నా కుదరదు. దేశంలోని ఖైదీల్లో నాలుగింట మూడొంతుల మంది విచారణ ఖైదీలే. 2022 జైలు గణాంకాల్లో వాళ్లు 75.8 శాతం.

మీ కాగితం మీద మూడు నిలువు గీతలు గీయండి. నేరం, జామీను దొరికిందా, మనిషి బతుకుదెరువు ఏమిటి. ఒక పూటలో సిద్ధాంతం రుజువు కాదు. కానీ ఇంటికి పోయి చాంబ్లిస్ 1973లో రాసిన రెండు కుర్రాళ్ల గుంపుల కథ చదివితే ప్రతి లైనూ అర్థమవుతుంది. ఒకే బడిలో బాగా బతికే ఇళ్ల పిల్లలు ఎనిమిదిమంది, పేద ఇళ్ల పిల్లలు ఆరుగురు. రెండు గుంపులూ తప్పులు చేశాయి. మొదటి గుంపుకు కార్లున్నాయి, ఊరికి దూరంగా పోయి చేసేవాళ్లు, పట్టుబడితే చేతులు కట్టుకుని "సారీ సార్" అనేవాళ్లు. చాంబ్లిస్ చూసినంత కాలం ఒక్కడూ అరెస్టు కాలేదు. రెండో గుంపు ఊరి మధ్యలో అందరి కళ్లముందే నిలబడేది. పోలీసులతో వాళ్లకు రోజూ గొడవే.

వర్గమా, సమూహమా?

సంఘర్షణ అనగానే అంతా డబ్బున్నవాడికీ లేనివాడికీ మధ్య తగువే అనుకోవద్దు. విలెమ్ బోంగర్ 1905లో రాసింది ఆ దారిలోదే. పెట్టుబడిదారీ ఏర్పాటు మనిషిలో స్వార్థాన్ని పెంచి తోటివాడి బాధ పట్టకుండా చేస్తుందన్నాడు. రెండో దారి ఉంది. థోర్‌స్టన్ సెలిన్ 1938లో సంస్కృతుల మధ్య తగువు గురించి రాశాడు. జార్జ్ వోల్డ్ 1958లో సమూహాల మధ్య తగువు గురించి రాశాడు. శాసనసభలో తమ మాట నెగ్గించుకున్న సమూహం చట్టం తెస్తుంది, ఓడిన సమూహం అలవాట్లు నేరాలవుతాయి అని వోల్డ్ లెక్క.

తిరుపతివాళ్లకు దీనికి ఉదాహరణ గంగమ్మ జాతర. మే నెలలో ఊరంతా వేషాలు కడుతుంది. బైరాగి, తోటి, దొర, మాతంగి. ఆడవాళ్లను చెరిచిన పాలెగాణ్ణి గంగమ్మ వేషం మార్చి మార్చి వెతికి చంపిన కథ అది. అధికారం ఉన్నవాడి నేరాన్ని ఊరు ఏడాదికోసారి తలుచుకునే పండగ అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఆ తల్లికి కోడినో మేకనో బలివ్వడం ఎన్నో ఇళ్లలో మొక్కుబడి. మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు 1950లో వచ్చిన జంతు, పక్షి బలుల నిషేధ చట్టం దాన్ని నేరం చేసింది. ఇక్కడ తగువు ఆస్తి గురించి కాదు, ఎవరి భక్తి సరైనదన్న దాని గురించి. అలాగని కులాన్ని పక్కనపెట్టేయకండి. బలి ఇచ్చే ఇళ్లు ఏవో, దాన్ని అనాగరికమన్న ఇళ్లు ఏవో వివరం తీస్తే వర్గం, సమూహం రెండూ పెనవేసుకుని కనిపిస్తాయి.

సిద్ధాంతాన్ని నిలదీయండి

ఈ పని చేయనివాళ్లకు నేను మార్కులు వేయను. మీ సిద్ధాంతం ప్రకారం రాకూడని చట్టం వచ్చిన సందర్భం వెతకండి. మన పక్క జిల్లాలోనే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించడంతో 1992లో ఉద్యమం రాజుకుంది. కూలి డబ్బంతా సారాకు పోతుంటే విసిగిపోయిన పేద ఆడవాళ్లు వాళ్లు. ఎదురుగా సారా కాంట్రాక్టర్లు, సర్కారుకు వచ్చే ఆదాయం. అయినా 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది. కింద ఉన్నవాళ్లు చట్టం తెచ్చుకోలేరని అనుకుంటే ఇది ఎలా జరిగింది? తర్వాతి కథ కూడా చెప్పండి. 1997లో నిషేధం సడలింది. నిషేధం ఉన్నన్నాళ్లూ తమిళనాడు, కర్ణాటక హద్దులు రెండూ ఉన్న మా జిల్లాలో సరిహద్దు దాటించే సరుకు ఆగలేదు. సీసాలతో దొరికి కోర్టుకు వచ్చినవాళ్లలో నేను చూసింది ఎక్కువగా కూలికి మోసినవాళ్లనే.

1985లో దళితులను చంపిన కారంచేడు ఘోరం, 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా ఇలాంటి పరీక్షే. చట్టాన్ని ధనికుడి చేతికర్ర అని నేరుగా చెప్పేవాళ్లు దీనికి జవాబివ్వలేరు. రాజ్యానికి తనదైన కొంత స్వేచ్ఛ ఉంటుంది, మొత్తం ఏర్పాటు నిలబడడానికి అప్పుడప్పుడు కిందివాళ్ల మాటా వినాల్సి వస్తుంది అనే నిర్మాణవాద మార్క్సిస్టులు కొంతవరకు ఇవ్వగలరు. ఈ.పీ. థాంప్సన్ దారి ఇంకొకటి. ఇంగ్లండులో అడవి వేటగాళ్లను ఉరికంబానికి పంపిన 1723 నాటి చట్టాన్ని చీల్చి చెండాడిన ఆ మార్క్సిస్టు చరిత్రకారుడే, 1975లో ఆ పుస్తకం చివర, చట్టం పాలకుల చేతుల్నీ కడుతుందనీ, చట్టబద్ధ పాలన మనుషులకు మేలేననీ తేల్చాడు. తోటి వామపక్షీయులే ఆయన మీద విరుచుకుపడ్డారు. నాకు మాత్రం ఆయన మాట సరిగ్గా కనిపిస్తుంది. పేదవాడి తరఫున ఏ కాగితం రాసినా ఒక సెక్షన్ పట్టుకునే రాశాం కదా.

ఇంకో ప్రశ్న 1984లో జాన్ లీ, జాక్ యంగ్ వేశారు. దొంగతనం వల్ల ఎక్కువ నష్టపోయేది ఎవరు? పేదవాళ్లే. కూరగాయలమ్మే అమ్మ సంచీ కొట్టేసినవాడు ఆమె మర్నాటి పెట్టుబడి పట్టుకుపోయాడు. ఆమెకు పోలీసు కావాలి, కేసు కావాలి. నేరమంతా పాలకుల కల్పన అని ఆమె ముందు చెప్పే ధైర్యం మీకుంటే చెప్పండి. లేకపోతే జవాబులో ఆమెకూ చోటు పెట్టండి.

రాసేటప్పుడు

ఇంత చేశాక జవాబు రాయడం చిన్నపనే. చట్టంతో మొదలుపెట్టండి, ఏడాదితో సహా. దాని మీద వేసిన ప్రశ్నలు, దొరికిన వివరాలు. ఎక్కడ ఎవరి సిద్ధాంతం సరిపోయిందో అక్కడే ఆ పేరు, ఏడాది. ఎదురొచ్చే ఉదాహరణకు కనీసం ఒక పేరా. మీ అభిప్రాయం చివర్లో రెండు వాక్యాలు, అంతకు మించి వద్దు. పదిహేను మార్కుల జవాబులో ఒక చట్టం, ముగ్గురు సిద్ధాంతకారులు చాలు.

ఈ వారం మా వరండా పిల్లలకు ఇచ్చిన పని మీరూ చేసి చూడండి. చెక్కు బౌన్సు కేసు, అదే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138. మోసం చేసే ఉద్దేశం రుజువైతే తప్ప, చెక్కు చెల్లకపోవడం అంతకుముందు మామూలు బాకీ దావానే. 1988లో సవరణ చేసి, 1989 ఏప్రిల్ 1 నుంచి దాన్నే నేరం చేశారు. ఇప్పుడు దీనికి రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా. ఆ ఏడాదే ఎందుకు? ఎవరు అడిగారు? చిత్తూరు బజారులో చిన్న అంగడివాడు ఫైనాన్సు అప్పు తీసుకునేటప్పుడు సంతకం పెట్టి ఇచ్చే ఖాళీ చెక్కుకూ, పెద్ద కంపెనీ సరుకు తీసుకుని చిన్న సరఫరాదారుకు ఇచ్చే చెల్లని చెక్కుకూ ఈ సెక్షన్ ఒకేలా పనిచేస్తోందా? రెండో రకం కేసులో చిన్నవాడికి ఈ చట్టమే దిక్కు, కాబట్టి తొందరపడి తీర్పు చెప్పకండి. కోర్టు కాజ్ లిస్టు, అంటే ఆ రోజు విచారణకు వచ్చే కేసుల పట్టీ, చూస్తే ఈ కేసుల సంఖ్య మీకే తెలుస్తుంది. ఒక పూట కూర్చుని ఫిర్యాదుదారులు ఎవరు, ముద్దాయిలు ఎవరు అని పేర్లు లేకుండా, బతుకుదెరువు మాత్రమే రాసుకుని రండి.